బస్సు దిగినవాడు

19 జనవరి 2025, ఆదివారం

ఈ డైరీ గుడివాడ భానుప్రకాష్ గారి రొయ్యల కంపెనీది. అట్ట మీద ఒక పక్క రొయ్య బొమ్మ, ఇంకో పక్క ఆయన బొమ్మ. ఇద్దరికీ మీసాలే. ఆయన పీఏ విల్సన్ ఈ పొద్దున తెచ్చిచ్చాడు. ఆయన్ని తిట్టుకోవడానికి ఆయన కాగితమే దొరికింది నాకు.

డైరీతోపాటు ఒక స్వీట్ బాక్సు, ఒక లావుపాటి పుస్తకం. ‘నా చెమట, నా గెలుపు’ అని పేరు. కింద భానుప్రకాష్ అని బంగారు రంగు అక్షరాలు. కమాండర్ గారు మా సారుకి స్పెల్లింగులు దిద్దిపెట్టారు అమ్మగారూ, ఆ అభిమానంతో మీకొక కాపీ పంపారు అన్నాడు విల్సన్.

స్పెల్లింగులంట.

ఆ కమాండర్ నా కొడుకు సాయిబాబు, సెప్టెంబరులో పోయాడు. కడుపులో కాన్సరు. పోయేముందు ఆరేడు నెలలు ఈ వరండాలో, ఈ నులకమంచం మీద బోర్లా పడుకుని, కడుపు కింద దిండు పెట్టుకుని, లాప్‌టాప్‌లో రాసింది ఈ పుస్తకమే. ఏంట్రా అది అనడిగితే, గుడివాడ ఆయన జీవితం అమ్మా, నేను రాస్తాను, ఆయన పేరుతో వస్తుంది అన్నాడు. మరి నీ పేరెక్కడుంటుంది అన్నాను. ఉండదు, దీన్ని ఘోస్ట్ రైటింగ్ అంటారు, ఘోస్ట్ అంటే దయ్యం అన్నాడు. బతికుండగా అవేం మాటల్రా అని చీపురు విసిరాను. నవ్వాడు. నవ్వితే నొప్పొచ్చి ఆపేశాడు.

ఇవేమీ విల్సన్‌తో అనలేదు. స్వీట్లు మాత్రం వాడి కళ్ళముందే కుక్కకి వేశాను.

20 జనవరి

రోజుకి రెండు పేజీలు చదవగలను. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదవాలి. సాయిబాబు నేవీలో చేరాక వాడి ఉత్తరాలు ఇంకొకళ్ళ చేత చదివించుకోవడం ఇష్టంలేక రాత్రిబడికి వెళ్ళి నేర్చుకున్న చదువు. తీరా నేర్చుకుంటే ఆ ఉత్తరాల్లో ఏమీ ఉండేది కాదు. నేను క్షేమం. ఇక్కడ వర్షాలు. నువ్వు మందులు వేసుకో. అంతే.

ఈ పుస్తకంలో మాత్రం మాటలు వరదలా ఉన్నాయి. నాకు రాయనివన్నీ వీడికి రాశాడు.

24 జనవరి

భానుప్రకాష్ పుట్టుక ఇంకా అవలేదు. పేజీలకి పేజీలు తుఫాను. ఆ తుఫాను మాది. గుడివాడలో అంత గాలి ఎప్పుడొచ్చింది?

27 జనవరి

సాయిబాబు జీవితం ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నాలుగు ముక్కల్లో అయిపోతుంది.

కోడూరు అవతల మా పల్లెలో పుట్టాడు. వాళ్ళ నాన్న పడవ మీద వేటకి పోయేవాడు, నేను ఎండుచేపల తట్ట ఎత్తుకుని గుడివాడ దాకా తిరిగేదాన్ని. బందర్లో ఇంటర్ చదివి, ఏదో పరీక్ష రాసి నేవీలో ఆఫీసరయ్యాడు. మొదటిసారి తెల్ల యూనిఫాంలో వస్తే పల్లెంతా వలలు వదిలేసి వచ్చింది. పల్లెలో ఇసక, మట్టి, చేపల నీళ్ళు. ఆ తెల్ల ప్యాంటు ఎక్కడ మాస్తుందో అని అడుగు తీసి అడుగు వేశాడు. నాకప్పుడే కాలింది.

విశాఖపట్నం క్వార్టర్స్‌కి ఒకసారి వెళ్ళాను. ఎండు నెత్తళ్ళ చేపలు పట్టుకెళ్ళాను. కోడలు సుమతి మర్యాదగానే తీసుకుని బాల్కనీలో బయట పెట్టించింది. సాయిబాబు చూశాడు. మళ్ళీ నేను వెళ్ళలేదు.

కమాండర్ దాకా ఎదిగి, ఒకరోజు చాలనుకుని ఉద్యోగం వదిలేశాడు. నవలలు రాస్తానన్నాడు. మూడు రాశాడు. మూడూ సముద్రం మీదే. మొదటి రెంటిలో తల్లి లేదు. మూడోదాంట్లో ఉంది గానీ కొడుకుని కని చచ్చిపోయింది, మొదటి పేజీలోనే. ఎవరూ కొనలేదు. నా ఉసురే తగిలిందేమో.

ఆ తర్వాత పెద్దోళ్ళ జీవితాలు రాసిపెట్టడం మొదలుపెట్టాడు. ఒక డాక్టరుకి, ఒక సినిమా ఆయనకి, ఎవరో మాజీ మంత్రికి. వాడి చేతిలో పడ్డ ప్రతి వెధవా మంచివాడయ్యాడు. సుమతి విశాఖలోనే ఉండిపోయింది. వీడు బందర్లో గది తీసుకున్నాడు. జబ్బు చేశాక నా దగ్గరికొచ్చాడు.

1 ఫిబ్రవరి

ఈరోజు అధ్యాయం పేరు ‘మా అమ్మ’.

భానుప్రకాష్ వాళ్ళమ్మ తట్టలో ఎండుచేపల మీద అరిటాకు కప్పి, దాని మీద మరువం పెట్టేదట, వాసన రాకుండా. అది నేను. చెప్పుల్లేకుండా నడిచి కాలి చిటికెనవేలు వంకరపోయిందట. అదీ నేను, ఇప్పుడే చూసుకున్నాను. కోపమొస్తే నీ నోట్లో ఇసక పడ అనేదట.

నీ నోట్లో ఇసక పడ, భానుప్రకాషూ.

ఆయన తల్లి సౌభాగ్యమ్మ గారు బతికే ఉంది. గుడివాడలో రైసుమిల్లు వాళ్ళ ఆడపడుచు. నేను వాళ్ళ పెరటి గుమ్మంలో ఎండుచేపలు అమ్మాను. గుమ్మం దాటి లోపలికి రానిచ్చేది కాదు. ఇప్పుడు ఆమె కొడుక్కి ఎలక్షన్లో టికెట్ కావాలి. టికెట్‌కి పేద తల్లి కావాలి. ఇంట్లో లేకపోతే నా కొడుకుని అడిగాడు. వీడు నన్ను తీసిచ్చేశాడు.

మూడు నవలల్లో నాకు చోటు లేదు. కిరాయి పుస్తకంలో దొరికింది.

4 ఫిబ్రవరి, మంగళవారం

బస్సు పేజీ చదివాను.

దిగలేదు.

5 ఫిబ్రవరి

నిన్న రాయలేకపోయాను. కోపానికే.

పుస్తకంలో ఇలా ఉంది. కార్తీకమాసం. మోపిదేవి గుడికి వెళ్ళే భక్తులతో బస్సు నిండిపోయింది. చేపల వాసన వస్తోందని వాళ్ళు గొడవ చేశారు. కండక్టరు తల్లినీ తట్టనీ నడిరోడ్డు మీద దింపేశాడు. కాలేజీకి వెళ్తున్న కొడుకు అదే బస్సులో ముందు సీటులో, స్నేహితుల పక్కన ఉన్నాడు. లేచాడు. దిగాడు. తల్లి తల మీది తట్ట తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. ఎండుచేపల ఉప్పు చెమటతో కలిసి కారి తెల్ల చొక్కా పాడైంది. చల్లపల్లి దాకా ఇద్దరూ మాట్లాడుకోకుండా నడిచారు.

జరిగింది నేను రాస్తాను. మంగళవారం ఆ దారిన చేపల తట్ట బస్సెక్కించకూడదని మాలో పసిపిల్లలకి కూడా తెలుసు. మోపిదేవి స్వామి రోజది. తెలిసీ ఎందుకెక్కానంటే సాయిబాబు ఆ పొద్దున బందరు వెళ్తున్నాడు. చల్లపల్లి దాకా ఒకే బస్సులో ఉండొచ్చు కదా అని. అంతే. వాడు ముందు కూర్చుంటానన్నాడు, నేను వెనక. నన్ను ఎరగనట్టే ఉన్నాడు. సరే, కుర్రాడు, ఉండనీ అనుకున్నాను.

అవనిగడ్డలో భక్తులెక్కారు. తల స్నానాలు, పూలు, పాల చెంబులు. ఛీ ఛీ అన్నారు. కండక్టరు బెల్లు కొట్టాడు. నాతోపాటు మా పల్లె కోటమ్మ కూడా ఉంది, దాని తట్ట కూడా ఉంది. ఇద్దర్నీ దింపేశాడు. తట్ట దించుతుంటే పట్టుకునేవాడు లేక సగం నెత్తళ్ళు మెట్ల మీద పడ్డాయి. నేను సాయిబాబు వైపు చూశాను. వాడి పక్కవాడు ఏదో అడిగాడు. వాడు తలడ్డంగా ఊపాడు. ఎవరో తెలీదు అన్నట్టు. కిటికీ వైపు తిరిగాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయి కనిపించాయి. బస్సు వెళ్ళిపోయింది.

ఇంకో పావుగంట ఓర్చుకుంటే ఆ భక్తులే మోపిదేవిలో దిగిపోయేవాళ్ళు.

శనివారం ఇంటికొచ్చాడు. పులుసు పోశాను. తిన్నాడు. ఆ సంగతి నేనెత్తలేదు, వాడెత్తలేదు. ముప్పై మూడేళ్ళు ఎత్తలేదు. ఆ మంచం మీద నా ముందే పడుకుని ఈ పేజీ రాశాడు. నేను గంజి తెస్తే లాప్‌టాప్ మూసేవాడు.

ఒరే, నాతో చెప్పడానికి నోరు రాలేదు గానీ రొయ్యలోడికి అమ్ముకోవడానికి చెయ్యొచ్చిందా?

9 ఫిబ్రవరి

కోటమ్మకి చదివి వినిపించాను. అది చదువుకోలేదు. చెవిలో పొగాకు కాడ పెట్టుకుని విన్నది. ఏంటొదినా, భానుప్రకాషు బస్సెక్కాడా, ఆడికి కడుపులో ఉన్నప్పుడే కారుంది కదే అని నవ్వింది. నేను నవ్వలేదు. మనోడు దిగలేదుగా అంది మెల్లిగా. దిగలేదు అన్నాను. మళ్ళీ చదవమంది. ఎందుకే అంటే, బాగుందొదినా, మోసినట్టే ఉంది అంది.

కసిరి పంపించేశాను.

16 ఫిబ్రవరి

విల్సన్ మళ్ళీ వచ్చాడు. వెంట మా సంఘం ప్రెసిడెంటు దుర్గాశ్రీనివాస్. మార్చి రెండున గుడివాడలో ఏసీ హాల్లో పుస్తకావిష్కరణట. పల్లె ఆడవాళ్ళని రెండు బస్సుల్లో తీసుకెళ్తారట. అందరూ తట్టలతో రావాలి. చేపలు మాత్రం వద్దు అమ్మగారూ, ఏసీ కదా, వాసన తిరుగుతుంది అన్నాడు విల్సన్.

బస్సులో తట్టలు ఎక్కనిస్తారా అన్నాను. వాడికి అర్థం కాలేదు.

దుర్గాశ్రీనివాస్ నన్ను మైకులో మాట్లాడమన్నాడు. పెద్దమ్మా, కమాండర్ తల్లివి, నువ్వయితే తడబడవు, నాలుగు ముక్కలు, భానన్న మా మత్స్యకారుల బిడ్డ అని చెప్పు చాలు అన్నాడు. అప్పుడడిగాను. అట్ట మీద నా కొడుకు పేరు వెయ్యమనండి, వస్తాను అన్నాను.

విల్సన్ మొహం మారింది. అగ్రిమెంటు ఉందన్నాడు. కమాండర్ గారు సంతకం పెట్టారు, పేరు అడగనని రాసిచ్చారు అన్నాడు. రాసింది ఆయనే కావచ్చు, జీవితం మా సారుది అన్నాడు. జీవితమూ మీ సారుది కాదు, నాది, ఆ బస్సు నాది, ఆ పిల్లాడు నా కొడుకు అన్నాను.

విల్సన్ పుస్తకం తీసి ఆ పేజీ చూసుకున్నాడు. తెలివైనవాడు. అయితే అమ్మగారూ, మీ అబ్బాయి దిగారా అని అడిగాడు.

నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

17 ఫిబ్రవరి

సుమతికి ఫోన్ చేశాను. అత్తయ్యా, ఆయన ఇష్టపడి సంతకం పెట్టారు, ఇప్పుడు ఎందుకివన్నీ అంది. ఎప్పుడూ మర్యాదే. అది నా కథ అమ్మాయ్ అన్నాను. బస్సు పేజీ తనూ చదివినట్టుంది, ఆయన నిజంగా అలా చేశారా అత్తయ్యా, నాకెప్పుడూ చెప్పలేదు అంది.

ఫోన్ పెట్టేశాను.

అందరూ అదే అడుగుతారు. నా కొడుకు రాశాడని చెప్పాలంటే ఆ బస్సు నాదని చెప్పాలి. ఆ బస్సు నాదంటే వాడు దిగలేదని చెప్పాలి. గుడివాడ హాల్లో, మైకులో, తల్లిని ఎరగనన్నవాడు నా కొడుకు కమాండర్ సాయిబాబు అని నేనే చెప్పాలి.

చెప్పకపోతే దిగినవాడు భానుప్రకాష్.

18 ఫిబ్రవరి

చెప్తాను. వాడికి అదే శాస్తి.

23 ఫిబ్రవరి

వస్తానని దుర్గాశ్రీనివాస్‌కి కబురు పెట్టాను. ఇప్పుడు దారికొచ్చావు పెద్దమ్మా అన్నాడు. వాడు రాసిచ్చిన కాగితం పొయ్యిలో పెట్టాను. నేను ఏం చెప్పాలో నాకు వచ్చు. రోజూ వలలు ఆరేసిన చోట నిలబడి గట్టిగా అనుకుంటున్నాను. దిగలేదు, దిగలేదు, దిగలేదు.

2 మార్చి, పొద్దున ఐదు, బస్సులో

కొత్త వెదురు తట్టలు వాళ్ళే తెచ్చారు. ఫోటోలో అన్నీ ఒకేలా ఉండాలట. చేపల మొహం ఎరగని తట్ట. ఎక్కించేటప్పుడు విల్సన్ ఒక్కొక్కళ్ళకీ చెయ్యిచ్చి ఎక్కించాడు. నేను వాడి చెయ్యి పట్టుకోలేదు.

2 మార్చి, సాయంత్రం

చెప్తా చెప్తా.

హాలంతా చలి. మమ్మల్ని ముందు వరసల్లో తట్టలు ఒళ్ళో పెట్టించి కూర్చోబెట్టారు. వెనక తెర మీద బస్సు బొమ్మ గీయించారు. ఎర్రబస్సు, రోడ్డు మీద ఆడమనిషి, తల మీద తట్టతో పిల్లాడు. ఆ పిల్లాడికి భానుప్రకాష్ మొహం పెట్టారు.

సౌభాగ్యమ్మ గారిని స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. మెడలో గొలుసులు తీయించి నూలు చీర కట్టించారు. తొంభై దగ్గరపడింది. ఏం జరుగుతోందో తెలుస్తున్నట్టు లేదు. ఆమె కాళ్ళు కడిగి ఆ నీళ్ళు కొడుకు నెత్తిన చల్లుకున్నాడు. ఆ పేజీ తనే చదివాడు. అమ్మ తట్ట నా తల మీదికి వచ్చింది, ఈరోజు దాకా దిగలేదు అని ఏడ్చాడు. అందరూ ఏడ్చారు. మా వరసలో కూడా ఏడ్చారు దరిద్రపు ముండలు. నాకు కన్ను తడవలేదు. పళ్ళు కొరుక్కుంటూ విన్నాను. ఒక్కో మాటా సాయిబాబుది. వాడి గొంతులో వినాల్సినవి. ఒక్కసారి.

నన్ను పిలిచారు. ఎక్కాను. మైకు దగ్గరికి వెళ్తుంటే సౌభాగ్యమ్మ గారు నా కొంగు పట్టుకుంది. ఏమే, నెత్తళ్ళు తెచ్చావా, తిని ఏళ్ళయింది, వీళ్ళు తిననివ్వరు అంది. గుర్తుపట్టింది. ఆ హాలు మొత్తంలో నన్ను గుర్తుపట్టింది ఆమె ఒక్కతే.

మైకు పట్టుకున్నాను. నా పేరు పాపాయమ్మ. ఈ పుస్తకం రాసింది నా కొడుకు కమాండర్ సాయిబాబు. ఈ బస్సులోంచి దింపేసింది నన్ను. ఈమెని కాదు, ఈమె ఏనాడూ తట్ట ఎత్తలేదు, కావాలంటే ఆమెనే అడగండి అన్నాను.

గోల. మైకు ఆపండ్రా అని ఎవరో అరిచారు. పత్రికలవాళ్ళు ముందుకొచ్చారు. విల్సన్ స్టేజీ కిందే ఉన్నాడు. వాడు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. నవ్వుతున్నాడు. పెద్దావిడ, బాధలో ఉన్నారు, ఒక్క మాట అడుగుతాను, చెప్పనివ్వండి అన్నాడు. అమ్మగారూ, దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పండి, ఆ రోజు మీ అబ్బాయి దిగారా?

ఏసీ చప్పుడు వినిపించింది.

నాకు వచ్చిన మాటే. పది రోజులు బట్టీ పట్టిన మాట. నోరు తెరిచాను.

దిగాడు అన్నాను.

నా గొంతు నాకే వేరేగా వినిపించింది. దిగాడు, నా తట్ట మోశాడు, చల్లపల్లి దాకా మోశాడు, చొక్కా పాడైంది, నేనే ఉతికాను అన్నాను.

ముందు వరసలోంచి కోటమ్మ లేచింది. ఒళ్ళో తట్ట కిందపడింది. నేనూ ఉన్నానయ్యా ఆ బస్సులో, నన్నూ దింపేశారు, సాయిబాబు దిగాడు, వాళ్ళమ్మ తట్ట నెత్తినెట్టుకుని నా తట్ట చంకనెట్టుకున్నాడు సచ్చినోడు అంది. ఆ వెనక ఇంకొకతి లేచి నేనూ చూశాను అంది. దానికి అప్పటికి పెళ్ళే కాలేదు. అందరూ లేచారు. దిగాడు దిగాడు అని అరుస్తున్నారు.

భానుప్రకాష్ వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు, ఈ తల్లి కూడా నా తల్లే అని. అలాంటివాళ్ళని నిలబెట్టి నరికినా నవ్వుతూనే పడతారు. కాలు వెనక్కి తీసుకున్నాను. అది వీడియోలో వచ్చిందట.

3 మార్చి

ఒళ్ళంతా నొప్పులు. తలుపు తియ్యలేదు.

7 మార్చి

పేపర్లో పడింది. పుస్తకం ఎవరిది, తల్లి ఎవరిది అని. కింద సాయిబాబు ఫోటో, యూనిఫాంలో. విల్సన్ వచ్చి లాయరు నోటీసు పంపుతాం అన్నాడు. పంపు, చదవగలను అన్నాను. పోనీ రెండో ప్రింటులో లోపల కమాండర్ గారికి కృతజ్ఞతలు అని వేస్తాం, సర్దుకోండి అన్నాడు. అట్ట మీద వెయ్యి అన్నాను. వెళ్ళిపోయాడు. వెయ్యరు. వెయ్యకపోయినా ఇప్పుడు కోడూరు సెంటర్లో టీ తాగేవాడిక్కూడా తెలుసు.

10 మార్చి

సుమతి ఫోన్. ఏడుస్తోంది. అంత మంచి పని చేసి నాకెప్పుడూ చెప్పలేదు అత్తయ్యా ఆయన అంటోంది. ఊరుకో అన్నాను. హైస్కూలు హెడ్‌మాస్టరు ప్రేయర్‌లో పిల్లలకి చెప్పాడట, మన కమాండర్‌లా ఉండాలి అని. మీ నోళ్ళు పడిపోను అనుకున్నాను. ఎవరిని అనాలో తెలియక.

13 మార్చి

కోటమ్మని నిలదీశాను. ఎందుకే అలా చెప్పావు అన్నాను. ఎట్టా చెప్పానొదినా అంది. దిగాడని అన్నాను. దిగాడుగా అంది. నా కళ్ళలోకి చూస్తూ అంది. వేళాకోళమేమో అని చాలాసేపు చూశాను. కాదు. ఇప్పుడు వాన కూడా కలిపింది. వానలో మోశాడట. పల్లెంతా చెప్పుకు తిరుగుతోంది.

ఆ రోజు వాన లేదు. ఎండ.

16 మార్చి

దిగినవాణ్ణి అందరూ పట్టుకుపోయారు. పేపరువాళ్ళు, బడివాళ్ళు, కోటమ్మ, సుమతి.

కిటికీ వైపు తిరిగి, చెవులు కందిపోయి కూర్చున్నవాడు నా దగ్గరే మిగిలాడు. వాణ్ణి చూసినదాన్ని ఇంక నేనొక్కదాన్నే.

వాణ్ణి తిట్టడం నాకింకా అవలేదు.